అయస్కాంతపు పట్టీ, కాలి పుండు

మామిడి కాపు మా నూజివీడు ప్రాంతమునకు దేవుడిచ్చిన దీవెన. అయితే చిన్నరసాలు, బంగినపల్లి కాయలు కోతకు వచ్చే రోజుల్లో, షెడ్లలో కాయలు ఏరి పెట్టెలకు సర్దే తల్లులు పొద్దుటినుండి రాత్రివరకు నిలువుకాళ్ళ మీదనే ఉంటారు. సాయంత్రానికి పాదాలు వాస్తాయి. పిక్కల మీద నరాలు మెలికలు తిరిగి పైకి తేలతాయి. కొందరికి చీలమండ పైన చర్మం నల్లబడి, చిన్న దెబ్బకే పుండు పడి నెలల తరబడి మానదు. అది బోదకాలేమోనని భయపడి చీర కుచ్చిళ్ళతో దాచుకొనేవారిని గృహదర్శనములలో మేము చూచుచున్నాము.

ఇది వేరే జబ్బు. మనం నరాలంటాం గాని అవి సిరలు. నడిచినప్పుడు పిక్క కండరం సిరలను పిండి రక్తాన్ని పైకి నెడుతుంది. లోపలి చిన్న కవాటాలు దానిని కిందికి జారనివ్వవు. ఆ కవాటాలు పాడైతే రక్తం కాలిలోనే నిలిచిపోతుంది.

పోయిన కాపులో మా సంఘములోని ఒక తల్లి వచ్చి, "అయ్యగారూ, రక్తంలో ఇనుముందంట. అయస్కాంతం పట్టీ కట్టుకుంటే అది లాగి నడిపిస్తుందంట. కొనమంటారా?" అని అడిగింది. దాని వెల ఆమె కాపంతా చేసిన కూలిలో పెద్ద భాగము. అమ్మే సహోదరుడు కూడా వచ్చి, ఆరాధన తరువాత నాలుగు మాటలు చెప్పనివ్వమన్నాడు. మేము ఒప్పుకొనలేదు.

రక్తంలో ఇనుము నిజమే. కాని మేకు అంటుకొన్నట్లు అది అయస్కాంతానికి అంటుకోదు. ఎం.ఆర్.ఐ. యంత్రపు శక్తి సాధారణంగా భూమి అయస్కాంత శక్తికి సుమారు 30 వేల రెట్లు. అందులో పడుకొన్నవారి రక్తమే ఒక పక్కకు పోదు, పట్టీ ఏపాటిది? విద్యుదయస్కాంత యంత్రాలతో ఇటువంటి పుండ్లపై జరిగిన పరీక్షలను కాక్రేన్ సంస్థవారు 2015లో పరిశీలించారు. దొరికినవి 3 పరీక్షలు, 94 మంది రోగులు. పుండు మానుతుందనుటకు గట్టి రుజువు కనబడలేదు.

"పక్కింటామెకు తగ్గింది గదా" అన్నదా తల్లి. పక్కింటామె పట్టీ కట్టింది కాపు ముగిసి, ఇంట్లో కాళ్ళు చాపుకొన్న రోజుల్లో. తగ్గించినది పట్టీయా, విశ్రాంతియా?

డాక్టరుగారు డాప్లర్ పరీక్ష చేసి బిగువు కట్టు, కాళ్ళు ఎత్తులో పెట్టుకొనుట, నడక చెప్పారు. అవసరమైతే లేజరు వంటి చికిత్సలున్నవి. 2018లో ఫలితాలు ప్రచురించబడిన, ఇంగ్లాండులో 450 మందిపై జరిగిన పరీక్షలో, సిరలకు త్వరగా చికిత్స చేసినవారి పుండు సుమారు 56 రోజుల్లో, ఆలస్యమైనవారికి 82 రోజుల్లో మానింది. ఒక హెచ్చరిక: కాలికి రక్తం సరిగా దిగుచున్నదో లేదో డాక్టరు చూడకుండ, ముఖ్యముగా షుగరున్నవారు, బిగువు కట్టు కట్టుకొనరాదు.

"కాళ్ళు పైకి పెట్టుకో" అనుట సుళువు. కూర్చుంటే కూలి పోతుందని ఆమె భయము. అందుకే మేము షెడ్డు యజమానులను కలిసి ముక్కాలిపీటలు వేయించమని, మధ్యాహ్నం కొంతసేపు కాళ్ళు చాపుకోనివ్వమని బ్రతిమాలితిమి. ఇద్దరు సరేనన్నారు, ఒకరు కాదన్నారు. ఆ తల్లి పుండు ఇంకా పూర్తిగా మానలేదు గాని సగానికి తగ్గింది.

ప్రియులారా, మీ చేతికింద నిలబడి పనిచేసేవారు ఉన్నారా? ఈ కాపు మొదలు కాకముందే వారికొక పీట వేయించండి.