పెనుగొండకు పోయివచ్చిన దినము

పట్టుపురుగులు పెంచు నింటి యాడువారికి ఒక దినము తీరిక దొరకుట యెంత కష్టమో మా మడకశిర సీమలోని సోదరీమణులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. రేయనక పగలనక వేళకు మల్బరీయాకు వేయవలయును. నాలుగవ జ్వరము తీఱిన పిమ్మట వాని యాకలికి మేర యుండదు. పురుగులు పండి చంద్రికల కెక్కిన తరువాత మాత్రము, గూళ్ళు విడిపించు వఱకు నాలుగైదు దినములు చేతులకు విశ్రాంతి. అట్టి సందు చూచుకొని మార్గశిరమాసమున అమరాపురమునుండి మేము నలుగురు చెలులము పెనుగొండకు బయలుదేరితిమి.

“చేరువనే హేమావతి యుండగా నంతదూర మేల?” అని ఇంటివారు అడుగకపోలేదు. హేమావతి నొళంబరాజుల రాజధాని. అచ్చటి నల్లరాతి స్తంభముల సొగసు చూచి చోళులు కొన్నిటిని తమ దేశమునకు గొనిపోయిరి. అవి నేటికిని తిరువయ్యారు కోవెలలో నిలిచియున్నవి. కాని హేమావతి మాకు పెరటితోట వంటిది. పెనుగొండ ప్రయాణమునకు వేఱొక కారణము కలదు. మాలో పెద్దదియగు అక్క, తన భర్త జబ్బుపడినపుడు, కొండమీది నరసింహస్వామి ముంగిట కర్పూరము వెలిగింతునని మ్రొక్కుకొనెను. ఆయన లేచి తిరుగుచు రెండేండ్లయినను మ్రొక్కు చెల్లలేదు. ఆమెకు మోకాళ్ళనొప్పి, పైగా “నీవు లేకున్న ఇల్లు గడచుటెట్లు?” అను మాట ఇంట నెప్పుడును ఉండనే యుండెను.

చీకటితో లేచి చిత్రాన్నము, పెరుగన్నము, నాలుగు ఓళిగలు మూటగట్టుకొని అద్దెకారులో కూర్చుంటిమి. మడకశిర దాటునప్పటికి తెల్లవాఱెను. వక్కతోటలు వెనుకబడి, చెనక్కాయ పెఱికిన బోడిచేలు ఎదురయ్యెను. పెన్న దాటితిమి, నీటికంటె నిసుకయే మిన్న. అటుపిమ్మట కొంతసేపటికి, ఊరిమీదికి వ్రాలుచున్నట్లు పెనుగొండ కనబడెను.

ఈ కోట బుక్కరాయల కాలమున ఆయన కుమారుడు విరుపణ్ణ యేలుబడిలో కట్టబడినది. 1565లో రాక్షస తంగడి యుద్ధమున అళియ రామరాయలు కూలగా, తమ్ముడు తిరుమలరాయలు ధనరాసులను ఏనుగులపై నెక్కించి, సదాశివరాయలను వెంటబెట్టుకొని ఇచ్చటికి వచ్చెను. 1567లో విజయనగరమునకు వచ్చిన వెనీసు వర్తకుడు సీజరు ఫెడరిచి, రాజధాని అచ్చటినుండి ఎనిమిదిదినముల పయనమున నున్న పెనుగొండకు మాఱినదని వ్రాసెను. ఏనుగుల లెక్క చెప్పిన గ్రంథములు కలవు గాని, ఆ తరలిపోవుటలో పసిబిడ్డలను చంకనిడుకొని నడచిన తల్లుల మాట నేను చదివినవానిలో నెచ్చటను కానరాలేదు. 1589లో గోలకొండ సైన్యము ముట్టడించియు ఈ కోటను గెలువలేక మరలినది.

ఇక నా తప్పు చెప్పవలయును. చల్లనివేళనే కొండ యెక్కుదమని అక్క అనుచునే యుండెను. నేను వినలేదు. రామాలయము, శివాలయము ప్రక్కప్రక్కనే యుండగా చూడక పోవుటెట్లని గోడలమీది రామాయణపు శిల్పముల ముందర నిలిచితిని. తరువాత గగనమహలు. రెండంతస్తుల ఆ మేడ కమానులును, మీది శిఖరమును చూచుచు, “రాణులు ఏ కిటికీకడ నిలిచిరో?” అని ముచ్చటించుచు గంట గడపితిమి. అటుపిమ్మట బసవన్న బావి. నంది యాకారపు వాకిటనుండి మెట్లు దిగు ఆ బావి చిత్రమైనది. అంతలో పది దాటెను. మార్గశిరమైనను మా సీమ యెండ యెండయే.

కాలిబాట పట్టితిమి. గుండ్లనడుమ బాట యొకచోట మెట్లుగాను, ఒకచోట వట్టి రాళ్ళుగాను ఉండును. సగముదూర మెక్కునప్పటికి అక్క ముఖము వెలవెలబోయెను. శిథిలమైన గోడనీడను కూలబడి, ఇక లేవలేననెను. అందఱము మరలిపోదమంటిని. ఆమె కొంగుముడి విప్పి కర్పూరపు పొట్లమును, టెంకాయను నా చేతిలో బెట్టి, “మ్రొక్కు నాది, కాళ్ళు నీవి. పోయిరామ్మా!” అనెను. కోపముతో నన్న మాట కాదు. అందుచేతనే నాకు మఱింత బాధ కలిగెను. ఒక చెలి ఆమెకు తోడుండెను. మేమిద్దఱము ఎక్కితిమి.

పైన గాలి హోరు. పడిన బురుజులు, మండపములు, వానినడుమ నీటిగుండములు. క్రింద ఊరి మిద్దెలు అరచేతిలో నున్నట్లుండెను. రైలుదారి, పెద్దబాట, అల్లంతదూరమున ఎఱ్ఱమంచికడ 2019లో కార్లు చేయుట మొదలిడిన కియా కర్మాగారపు తెల్లని కప్పులు. మా పల్లెలనుండియు పిల్లలు అచ్చట కొలువునకు పోవుదురు గనుక, మాతో వచ్చిన చెలి కోటకంటె దానినే యెక్కువసేపు చూచెను. కోవెల ముంగిట కర్పూరమునకు అగ్గిపుల్ల గీచితిని, గాలికాఱెను. ఒకటివెంట నొకటి ఆఱెను. చెలి తన పయట నడ్డుబట్టగా, పెట్టెలో మిగిలిన రెండవపుల్లకు వెలిగెను. అక్కపేరు, ఆమె భర్తపేరు చెప్పి టెంకాయ కొట్టితిని.

దిగివచ్చి సగము చిప్ప చేతికియ్యగా, ఆమె కన్నులకద్దుకొని అడిగిన మొదటిమాట ఇది: “పైన నీళ్ళున్నవా?”

ఉన్నవని, పాచిపట్టిన గుండములలోనైనను ఉన్నవని చెప్పితిని.

“అయితే దేవుడు ఎండలో దాహముతో లేడు,” అని ఆమె సంతోషించెను. బోరుబావి ఎండి రెండుమాఱులు మల్బరీతోట పోగొట్టుకొన్న ఇల్లాలామె.

నీడను కూర్చుండి అన్నము తింటిమి. ఓళిగలు మెత్తబడినను విడిచినవారు లేరు. బాబయ్యదర్గా ముందునుండి పోవుచు అందఱితోపాటు మేమును ఒక నిముసము నిలిచి చేతులు జోడించితిమి. ఇల్లు చేరునప్పటికి రాత్రి తొమ్మిది.

మూడవదినమున గూళ్ళు విడిపించుచుండగా అక్క మా యింటికి వచ్చెను. వచ్చే పంటకు పురుగులు చంద్రికల కెక్కినమఱునాడే మరల పోవలెనట. తెల్లవాఱకమునుపే కొండక్రింద నుండవలెనట. గగనమహలు దిగివచ్చిన తరువాతనేనట. నేను ఒప్పుకొంటిని.