శింగనమల చెరువుగట్టున

అనంతపురమునుండి ఈశాన్యముగా బస్సులో పోయినచో గంటలోపుగనే శింగనమల చేరుదుము. దారి పొడవునను ఎఱ్ఱనేలలు, వేరుసెనగ చేలు, నడుమ రాతిగుట్టలు. మా వారి ఉపాధ్యాయవృత్తి మమ్ములను ఈ యూరికి తెచ్చినది. ఋష్యశృంగుడు తపస్సు చేసిన కొండ గనుక శృంగనమల యనియు, అదియే శింగనమల యైనదనియు ఊరిపెద్దలు చెప్పుదురు. బాలకాండము చదివిన మాకు ఆ మాట విన్నప్పుడు నవ్వును, దుఃఖమును ఒక్కసారే కలిగినవి. అంగదేశమున అనావృష్టి కలుగగా ఏ మహర్షి అడుగుపెట్టినంతనే వాన కురిసెనో, ఆయన పేరు మోయుచున్న ఊరు వానకు మొగము వాచియున్నది.

కారణము లేకపోలేదు. నైరృతి ఋతుపవనముల తడి చాలవరకు పడమటికనుమలలోనే తీరిపోవును. ఈశాన్యపు గాలులు తూర్పుతీరమున కురిసి, ఇచటికి వచ్చుసరికి డస్సిపోవును. ఈ జిల్లాకు ఏటికి వచ్చు వాన సుమారు 550 మిల్లీమీటర్లు. అదియు వేళకు రాదు. 1876–78 నాటి ధాతకరువు మాట నేటికిని ఈ సీమలో వినబడును. 1952లో రాయలసీమయందు గంజికేంద్రములు వెలసినవి. ఊరిచెంతనున్న శ్రీరంగరాయ చెరువు జిల్లాలోని పెద్ద చెరువులలో నొకటి. నిండిననాడు అది సముద్రమువలె నుండును. ఎండిననాడు దాని గట్టుపై నిలువ మనసొప్పదు.

తుపాను వచ్చునపుడు ముందు హెచ్చరిక వచ్చును. వరదకు చప్పుడైన నుండును. కరువునకు చప్పుడు లేదు. అది ఇంటిలోనికి పెద్దల గుసగుసలుగా ప్రవేశించును. ఎద్దుల నమ్మిననాడు, తల్లి గొలుసు కుదువకు పోయిననాడు, పసిబిడ్డ సగము తెలిసికొని, తక్కిన సగము తన బుద్ధితో పూరించుకొనును. ఈ సంగతి మాకొక చిన్నపిల్ల నేర్పినది.

వానలు తప్పిన ఒక యేట, రెండవ తరగతి చదువు నొక బాలిక మా వారి బడిలో సొమ్మసిల్లి పడగా, మా యింటికి ఎత్తికొని వచ్చిరి. మధ్యాహ్నభోజనము కొన్ని దినములుగా తమ్మునికే పెట్టుచున్నదట. రాగిగంజి నోటికందించినను పెదవి విప్పలేదు. చాలసేపటికి మా చెవిలో, “అయివారమ్మా, నేను తినకుంటే మేము బెంగుళూరుకు పోయే పనిల్యా గదా?” అని అడిగినది. రాత్రి తండ్రి తల్లితో “తినే నోళ్లు ఎక్కువైనాయి” అనుట ఆ పిల్ల విన్నదట.

ఆ తండ్రి కఠినుడు కాడు. వడ్డీ కట్టలేక అన్నమాట అది. మేమును బోరు ఎండిపోవు సంగతి, పిల్లలు నిదురించిరనుకొని, గుసగుసలాడితిమి. మా చిన్నవాడు పుస్తకాలసంచిలో సీసాతో నీరు దాచుచుండగా అల్లరి యని కసరి పారబోయించితిమి. అది తలచికొని నేటికిని సిగ్గుపడుచున్నాము.

మరునాడు ఆ పిల్ల తల్లియు అవ్వయు వచ్చిరి. “చిన్నపిల్లకు ఏం తెలుస్తుందిలే అనుకుంటిమి, అయివారమ్మా” అని తల్లి కంటతడి పెట్టినది. పిల్లను ఒడిలోనికి తీసికొని ఉన్నదున్నట్లు చెప్పినది: “వాన రాలేదు. అది నీ తప్పు గాదు. నేనూ మీ నాయనా పనికి పోయి ఉగాదికి వస్తాం. నువ్వు అవ్వకాడ ఉండి బడికి పోతావు. మీకు రాగులు, కొర్రలు పెట్టే పోతాము.” పిల్ల అడిగినది ఒక్కటే: “తమ్ముడు?” “తమ్ముడు నీకాడనే.” అప్పుడు గంజి త్రాగినది.

సోదరీమణులారా! బిడ్డకు నిజమును కొద్దిమాటలలో చెప్పుడు. తనతో నెవరుందురో, తినుట కేమున్నదో, తల్లిదండ్రు లెప్పుడు వత్తురో, ఈ మూడును తెలిసినచో బిడ్డ భయము చాలవరకు తగ్గును. బడి, ఆట, నిద్ర వేళలు తప్పనీయకుడు. ఊరు విడుచువారు తల్లిపేరును, ఫోను అంకెలను బిడ్డకు కంఠపాఠము చేయింపవలెను. కాగితములన్నియు ఒకే సంచిలో నుంచవలెను.

పంట చేతికి వచ్చినపుడే రాగులును కొర్రలును పిల్లల పాలిటికి విడిగా కట్టియుంచుడు. ఆరు నెలలు నిండని శిశువునకు తల్లిపాలే చాలును, నీరైనను అక్కరలేదు. ఆరు నెలలు మొదలు అయిదేండ్లవరకు గల బిడ్డ దండచుట్టుకొలత 11.5 సెంటీమీటర్లకు తగ్గినచో అంగన్‌వాడీకిగాని ఆసుపత్రికిగాని వెంటనే కొనిపోవలెను. నీటికుండకు మూత, ముంచుటకు పొడుగుకాడ గరిటె యుండవలెను. విరేచనములు పట్టినచో ఆరోగ్యకేంద్రమువా రిచ్చు పొట్లపు ద్రావణము త్రాగింపుడు. అది లేనప్పుడు కాచి చల్లార్చిన లీటరు నీటిలో చక్కెర ఆరు టీచెంచాలు, ఉప్పు అర టీచెంచా తలకొట్టి కొలిచి కలుపుడు. 1971లో బంగ్లాదేశపు శరణార్థులు కలరాపాలగుచుండగా డాక్టరు దిలీప్ మహలనబిస్ గారు ఇట్టి ద్రావణముతోనే వేలమందిని కాపాడిరి. బిడ్డ త్రాగలేకపోయినను, కన్నులు లోతుకు పోయినను ఇంట నిలువరాదు.

ఇవి తల్లులొక్కరివలన నగు పనులు కావు. ఈ చుట్టుపట్లనే, నార్పల మండలము బండ్లపల్లిలో 2006 ఫిబ్రవరి 2వ తేదీన గ్రామీణ ఉపాధిహామీ పథకమును ఆరంభించిరి. పనిచోట ఆరేండ్లలోపు బిడ్డలు అయిదుగురున్నచో వారిని చూచుకొనుటకు ఒక స్త్రీని కూలియిచ్చి నియమింపవలెనని ఆ చట్టమున వ్రాసిరి. మాకది మిక్కిలి ముచ్చటగొలిపిన మాట. కరువుపనిలోనే బిడ్డల కాపుదలయు చేరియుండవలెను గదా!

ఆ పిల్లకు అవ్వ ఒక నులకతాడిచ్చి వారమున కొక ముడి వేయుమన్నది. ఉగాది దాటి రెండు ముడులు పడినవి. ఆ రెండు వారములును తల్లి ప్రతి సాయంకాలము ఫోనులో ఆలస్యమునకు కారణము చెప్పుచునే యుండెను. పిల్ల వేళకు తినుచునే యుండెను. వారు బస్సు దిగిన సాయంకాలము మేము చెరువుగట్టుననే యుంటిమి. చెరువులో నీరు లేదు. పిల్ల తాడు చేతబట్టుకొని, ఒక్కొక్క ముడియు తల్లికి లెక్కబెట్టి చూపుచు మా ముందునుండి నడిచిపోయినది.