వనస్థలిపురంలో విందు

పిల్లలూ! కథల్లోని మనుషులను మన ఇంటికి భోజనానికి పిలిస్తే ఎలా ఉంటుంది? పిలవడానికి ఖర్చేమీ లేదు. కాని ఎవరిని పిలవాలి, ఎవరి పక్కన ఎవరిని కూర్చోబెట్టాలి, అదే చిక్కు. పుస్తకం శ్రద్ధగా చదివినవారికే ఆ సంగతి తెలుస్తుంది. వనస్థలిపురంలో, మా డాబా మీద, నేను తరచు ఈ ఆట ఆడుతుంటాను.

అతిథులు రావడానికి మా పేట బహు అనువైనది. విజయవాడ నుంచి హైదరాబాదు వచ్చే రహదారిలో, నగరం నడిబొడ్డు చేరకముందే మేము తగులుతాము.

మొదట మొగల్తూరు నుంచి పార్వతీశం దిగుతాడు. 1924లో మొక్కపాటి నరసింహశాస్త్రిగారు లోకానికి పరిచయం చేసిన ఈయన ఓడెక్కి ఇంగ్లండు పోయి బారిస్టరు చదివినవాడు. మా బస్సుస్టాపు పేరేమిటో తెలుసునా? పనామా! తెల్లవారుజామున కండక్టరు "పనామా! పనామా!" అని కేక వేయగానే ఆయన గుండె గుభేలుమంటుంది. అమెరికా వచ్చిపడ్డాననుకుని, టోపీ సర్దుకుని, "రేవు ఎటువైపండీ?" అని ఇడ్లీబండివాణ్ణి అడుగుతాడు. 1914లో తెరిచిన ఆ పనామా కాలువ రెండు మహాసముద్రాలను కలుపుతుంది. మా పనామా విజయవాడ బస్సునూ సిటీ బస్సునూ కలుపుతుంది.

ముళ్ళపూడి వెంకటరమణగారి బుడుగును పిలవకుండా ఉంటానా? అయితే నేను హెడ్మాస్టరుగా పనిచేశానని వాడికి ఎవరూ చెప్పకూడదు. ప్రైవేటు మాష్టర్లు వాడి చేతిలో ఏమయ్యారో మీకు తెలుసు గదా!

వట్టికోట ఆళ్వారుస్వామిగారి 'ప్రజల మనిషి' నవలలోని కంఠీరవం కూడా వస్తాడు. నిజాము కాలపు దొరతనానికి ఎదురునిలిచినవాడు. ఆయన కోసం జొన్నరొట్టె, పచ్చిపులుసు. భోజనాలకు ముందు అందరినీ హరిణ వనస్థలికి తీసుకుపోతాను. ఒకప్పుడది నిజాము వేటాడిన అడవి; 1975లో మహావీరుని పేర జింకల వనమయింది. నల్లని వీపు, మెలితిరిగిన కొమ్ములు గల కృష్ణజింకను చూసి బుడుగు నోరు తెరుస్తాడు.

"వేటాడిన చోట ఇప్పుడెవరు తిరుగుతారు?" అంటాడు కంఠీరవం.

"టిక్కెట్టు కొన్నవారెవరైనా."

ఆయన నవ్వుతాడు.

ఇక గురజాడ అప్పారావుగారి 'కన్యాశుల్కం' నుంచి ఇద్దరు. గిరీశాన్ని పిలవడానికి నాకంత మనసు లేదు. పూటకూళ్ళమ్మ సొమ్ము వాడుకున్నవాడు, వెంకటేశానికి చుట్ట అలవాటు చేసినవాడు! కాని ఆయన లేకపోతే విందు చప్పగా ఉంటుందని మా ఇంటావిడ అంటుంది. సరే, పంక్తి చివర ఆయనకొక చోటు.

రెండవ అతిథి సుబ్బి. చిన్నపిల్ల. సొమ్ము పుచ్చుకుని ఆమెను ముసలి లుబ్ధావధాన్లుకు కట్టబెట్టాలని తండ్రి చూస్తాడు. ఇది కట్టుకథ మాత్రమే అనుకోకండి. విశాఖపట్నం జిల్లాలో మూడేళ్ళలో ఇలాంటి పెళ్ళిళ్ళు 1034 జరిగినట్టు లెక్క తేలిందని 1897లో నాటకానికి రాసిన పీఠికలో అప్పారావుగారు చెప్పారు. ఆ పెళ్ళికూతుళ్ళలో ముగ్గురి వయసు ఒక్క ఏడాది!

నాటకంలో పెద్దలందరూ సుబ్బి పెళ్ళి గురించి మాట్లాడేవారే. మా డాబా మీద ఆ మాట ఎత్తకూడదు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో మగవారి పంక్తి లేచాక గాని ఆడపిల్లలకు అన్నం లేదు. కనుక మొదటి విస్తరి సుబ్బిదే. బుడుగు ఆమె పక్కన చేరి, జింకను తానే పట్టబోయానని కోతలు కోస్తాడు. ఆమె పకపక నవ్వుతుంది.

అంతలో గిరీశం ఉపన్యాసానికి గొంతు సవరించుకుంటాడు. నేను మా ఇంటావిడకు సైగ చేస్తాను. ఆమె గబగబా వెళ్ళి ఆయన విస్తట్లో ఇంకో గరిటెడు పులిహోర వడ్డిస్తుంది.