బెయిలొచ్చింది... పూచీ ఎవరిస్తారు?

విశాఖ కోర్టు ఆవరణలో చెట్టు కింద ఓ తల్లి కూర్చుని ఉంది. ఒళ్లో చేతిసంచి. చూపంతా కోర్టు మెట్ల మీదే. ఉక్కునగరానికి కూలి పనికొచ్చిన కొడుకు దొంగతనం కేసులో అరెస్టయ్యాడు. ఇంతలో ప్లీడరుగారు బయటికొచ్చారు.

''బెయిలిచ్చారమ్మా!''

ఆమె ముఖం వెలిగింది. ''అయితే బాబూ, ఈ రాత్రికే ఊరెళ్లిపోవచ్చా?''

''అప్పుడే కాదమ్మా. ఇద్దరు జామీనుదారులు కావాలి. ఈ ఊరివాళ్లే అయ్యుండాలి. ఇంటిపన్ను రసీదులు తేవాలి.''

శ్రీకాకుళం జిల్లా పల్లె నుంచి వచ్చిన ఆమెకు విశాఖలో తెలిసింది ఇద్దరే. ఒకరు సింహాద్రి అప్పన్న, మరొకరు ఈ ప్లీడరుగారు. ఇద్దరూ పూచీ పడేవాళ్లు కారు!

''వాడు పారిపోతాడనా బాబూ? పోతే ఎక్కడికి పోతాడు... నా దగ్గరికే కదా!''

చదువురాని ఆ తల్లి అడిగిందే బెయిలు విషయంలో అసలు ప్రశ్న. నేరం ఎంత తీవ్రమైంది, నిందితుడు పారిపోతాడా, సాక్షుల్ని బెదిరిస్తాడా... జడ్జీలు చూసేవి ఇవే. విచారణ ముగియకముందే శిక్షించడం కోర్టు ఉద్దేశం కాదు, పిలిచినప్పుడు మనిషి రావాలి, అంతే. 1977లో మన రాష్ట్రం నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన గుడికంటి నరసింహులు కేసులో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ ఈ సంగతులన్నీ విడమరిచారు. మగవాళ్లంతా జైల్లో ఉంటే ఆ కుటుంబం గతేమిటన్నదీ ఆలోచించారు.

మరుసటి ఏడాది ఆయన ముందుకే మధ్యప్రదేశ్ తాపీమేస్త్రీ మోతీరాం కేసు వచ్చింది. మేజిస్ట్రేటు 10 వేల రూపాయల పూచీ అడిగారు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఒప్పుకోలేదు. బస్తర్‌లో పట్టుబడిన తెలుగువాడు అక్కడ జామీను ఎవర్ని తెస్తాడని సుప్రీంకోర్టు నిలదీసింది. వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదిలిపెట్టమంది.

అయినా పేదవాడి కష్టం తీరలేదు. అందుకే 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పాల్సి వచ్చింది. బెయిలొచ్చి 7 రోజులైనా ఖైదీ విడుదల కాకపోతే, జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవాధికార సంస్థకు తెలపాలి. నెలలోగా పూచీ ఇవ్వలేకపోతే షరతులు సడలించే విషయం కోర్టు తనంతట తానే పరిశీలించవచ్చు. స్థానికుల జామీను షరతే ఆలస్యానికి కారణమైతే, ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చు. అంతేకాదు... జైల్లో ఉన్నవారికి ఉచిత న్యాయ సహాయం హక్కు.

''షరతు సడలించమని అర్జీ పెడదామమ్మా'' అన్నారు ప్లీడరుగారు, మళ్లీ కాగితం తీస్తూ.

ఆమెకు సగమే అర్థమైంది. అయినా తలూపింది. సంచి భుజానికేసుకుని, జైలు దారిలో వెళ్లే అడవివరం బస్సు కోసం రోడ్డు మీదికి నడిచింది. బెయిలొచ్చిన మాటైనా కొడుక్కి చెప్పాలిగా!