అత్తయ్య భాష, మామయ్య భాష

ఇలా గోడ దగ్గరికి రండి, ఓ మాట. ఒకటి నుంచి వంద దాకా అంకెలన్నీ కూడితే ఎంత? 5050 అని ఠక్కున చెప్పేశారా! గట్టివారే. కానీ నేనడిగేది మీ చేత కాదు, కంప్యూటర్ చేత చెప్పించడం గురించి.

మా పెద్దత్తయ్యని కరివేపాకు ఎంతకి కొన్నావని అడిగి చూడండి. పొద్దుటి కాఫీ దగ్గర మొదలుపెడుతుంది. కోబాల్ అచ్చం ఆవిడే. 1959లో మొదలైన కంప్యూటర్ భాష, గ్రేస్ హాపర్ తయారుచేసిన ఫ్లో-మాటిక్ భాష పోలికలు పుణికిపుచ్చుకుంది. లెక్కల గుర్తులు చూస్తే ఆఫీసు జనం బెదిరిపోతారని అంతా ఇంగ్లీషు వాక్యాల్లోనే పెట్టారు. 'మల్టిప్లై రేట్ బై అవర్స్ గివింగ్ పే' అనాలి, చివర చుక్క పెట్టాలి. అసలు పనికి ముందు నేనెవరు, ఏ మిషన్ మీద నడుస్తాను, నా దగ్గరున్న సరుకేమిటి అని మూడు డివిజన్లు. నాలుగోదాంట్లో గానీ పని మొదలవదు. పెళ్లిచూపుల్లో కూడా ఇన్ని ప్రవరలుండవు.

ఆ చుక్క సంగతి నన్నడగండి. ఉద్యోగంలో చేరిన కొత్తలో జీతాల ప్రోగ్రాం రాశాను. ఓవర్‌టైం ఉంటే కలుపు, చుక్క. తర్వాత స్లిప్పు ముద్రించు, చుక్క. మొదటి చుక్క మరిచిపోయాను. ఇంకేముంది, స్లిప్పు కూడా ఆ 'ఉంటే'లోకి వెళ్లిపోయింది. ఓవర్‌టైం చేసినవాళ్లకే స్లిప్పులొచ్చాయి. మిగతావాళ్లంతా నా టేబుల్ చుట్టూ!

ఇక మామయ్య. ఏదడిగినా 'ఊ' అంటాడు, అందులోనే అన్నీ ఉంటాయి. ఆ భాష ఏపీఎల్. కెనెత్ ఐవర్సన్ 1962లో రాసిన పుస్తకం పేరు 'ఎ ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్'. ఆ మూడు మాటల మొదటి అక్షరాలే భాష పేరు. పేరు పెట్టడంలోనూ పిసినారితనమే, చూశారా! గుర్తులేమో గ్రీకు అక్షరాలు, సున్నాలు, చుక్కలు, బాణాలు. వాటికోసం టైపు మిషన్లో గోల్ఫ్ బంతంత అచ్చుగుండు మార్చి వేరేది బిగించేవారట. ప్రోగ్రాంలో వివరణగా కామెంటు రాసే గుర్తుకి ముద్దుపేరు 'ల్యాంప్'. ఆ చీకట్లో దీపమొకటి పెట్టారన్నమాట, సంతోషం.

మన వంద లెక్క ఇందులో ఎంతో తెలుసా? ప్లస్, వాలుగీత, ఐయోటా, 100. మొత్తం 6 అక్షరాలు. అంతే!

ముక్కు చిట్లించకండి, అసలు తమాషా ఇప్పుడుంది. ఏపీఎల్ లెక్క కుడి నుంచి ఎడమకి నడుస్తుంది. అటునుంచి ఒక్కో గుర్తూ చదవండి: వంద, దాకా, అన్నీ, కూడు. అచ్చతెలుగు వాక్యం కాదూ? అందరూ చదవగలరన్న కోబాల్ ముందే 'యాడ్' అని అరుస్తుంది. మన క్రియ కాస్త తాపీగా చివర కదా వచ్చేది! మావాడు కంప్యూటర్ ఇంజనీరు, ఇది చెబితే నవ్వి ఊరుకుంటాడు. వాడి మొహం.

పండితులకి ఇద్దరూ గిట్టలేదు. వాళ్లలో డైక్‌స్ట్రా అనే ఆయన 1975లో ఇద్దర్నీ ఒకే వ్యాసంలో ఉతికి ఆరేశాడు.

అన్నట్టు, ఇంత వాగే అత్తయ్య దగ్గర ఒకచోట మాత్రం మహా పొదుపు. అప్పట్లో కంప్యూటర్లో చోటు బంగారం కదా, అందుకని సంవత్సరానికి రెండంకెలే ఇచ్చారు. 1965ని 65 అన్నారు. అన్నీ విడమరిచి చెప్పే భాషలో ఆ 19 మింగేశారు! శతాబ్దం చివరికొచ్చేసరికి 2000 కాస్తా 1900 అయిపోతుందని లోకమంతా గుండెలు బాదుకుంది. మన అమీర్‌పేట కోచింగ్ సెంటర్లు మాత్రం కళకళలాడాయి. ఆ తప్పు దిద్దడానికి ముసలి కోబాల్ నేర్చుకుని కుర్రకారు విమానాలెక్కేశారు. ఆ రెండంకెలు మింగకపోతే మీ ఎదురింటాయన కొడుకు న్యూజెర్సీలో ఇల్లు కొనేవాడా, చెప్పండి?

ఉండండుండండి, ఫోను. పెద్దత్తయ్యే. చీకటి పడేలోగా వస్తే మామయ్య గురించి ఇంకోటి చెబుతాను.