కరణం పోయాడు, వెట్టి మిగిలింది

ప్రభుత్వ శాఖల పునర్వ్యవస్థీకరణ అనగానే పేపర్లలో రెండే అంకెలు కనిపిస్తాయి: ఎన్ని పోస్టులు తగ్గాయి, ఖజానాకు ఎంత మిగిలింది. ఆ లెక్క తప్పని నేను అనను. సగం లెక్క అంటాను.

మిగతా సగం కోసం 1984కు పోవాలి. ఆ జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం ఆర్డినెన్సు తెచ్చి పార్ట్‌టైం గ్రామాధికారుల పోస్టులన్నీ రద్దు చేసింది. ఊరి భూమి లెక్కలు తరతరాలుగా కరణం ఇంటి పెట్టెలో ఉండేవి. కొలువును వంశపారంపర్యంగా ఇవ్వడం 16వ అధికరణకు విరుద్ధమని గాజుల దశరథరామారావు కేసులో సుప్రీంకోర్టు 1960లోనే తేల్చింది. ఆ తీర్పు మా ఊళ్ల దాకా నడిచి రావడానికి 23 ఏళ్లు పట్టింది. అది మంచి సంస్కరణే. ఇప్పటికీ నేను దాని పక్షమే.

అయితే గ్రామ సేవకులు ఆ రద్దు జాబితాలో లేరు. తలారి, వెట్టి అట్లాగే మిగిలారు. మా జేజినాయన కళ్యాణదుర్గం తాలూకాలో ఒక ఊరికి వెట్టి. తప్పెట కొట్టి చాటింపు వేయాలి, సర్వే గొలుసు లాగాలి. "కరణమయ్య దస్త్రం మోసింది నేనే, కొత్త సారు దస్త్రం మోసేదీ నేనే" అనేవాడని మా జేజి చెప్పేది. పెత్తనం చేసే పోస్టు పోయింది, ఊడిగం చేసే పోస్టు నిలిచింది. చౌకగా దొరికే చాకిరీ ఏ బడ్జెట్‌లోనూ భారంగా కనిపించదు. తర్వాత ఆ పనికి వీఆర్ఏ అని పేరొచ్చింది. పేస్కేలు కోసం వాళ్ల ధర్నాలు మనం చూస్తూనే ఉన్నాం.

1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. ఆఫీసులు పెరిగాయి, ఖర్చూ పెరిగింది. కానీ ఒక సర్టిఫికెట్ కోసం కళ్యాణదుర్గం దాకా పోవాల్సిన కంబదూరు కూలికి ఒక రోజు కూలి మిగిలింది. ఈ ఆదాను ఏ ఆడిట్ నివేదికా రాయలేదు.

2019 అక్టోబరు 2న గ్రామ, వార్డు సచివాలయాలు మొదలయ్యాయి. లక్షకు పైగా పోస్టులు, రాతపరీక్ష, రిజర్వేషన్ రోస్టరు. కరణం కూర్చున్న ఊళ్లలో మాల, మాదిగ పిల్లలు సర్వేయర్లుగా కూర్చున్నారు. 2025లో హేతుబద్ధీకరణ అన్నారు. జనాభాను బట్టి సచివాలయానికి ఆరుగురు, ఏడుగురు లేదా ఎనిమిదిమంది అన్నారు. ఎవరి ఉద్యోగమూ పోదన్నారు. సరే. మరి పోస్టు పోతే దాని రోస్టరు పాయింటు ఎటు పోతుంది? ఇప్పుడు డిగ్రీ చదువుతున్న పిల్లకు రావాల్సిన నోటిఫికేషన్ ఎవరి ఆదా కింద జమ అవుతుంది?

ఈ ఆదా ఎట్లా ఉంటుందో నాకు మా కాలేజీలోనే కనిపిస్తుంది. పక్క గదిలో నేను చెప్పే సిలబస్‌నే గంటల లెక్కన చెప్పే గెస్ట్ లెక్చరర్ ఉన్నారు. మాదిగ ఇంటి నుంచి పీహెచ్‌డీ దాకా వచ్చినామె. పోస్టు నింపకపోతే జీతం ఖజానాకు మిగులుతుంది. అదే డబ్బు వేసవి సెలవుల్లో ఆమె ఇంట్లో అప్పుగా తేలుతుంది.

విద్యార్థి మిత్రులకు ఒక పని చెబుతాను. సమాచార హక్కు కింద దరఖాస్తు రుసుము మండల స్థాయిలో 5 రూపాయలు, జిల్లా స్థాయిలో 10. మంజూరైన పోస్టులెన్ని, ఖాళీలెన్ని, అందులో ఎస్సీ, ఎస్టీ రోస్టరు పాయింట్లెన్ని అని అడగండి. రోస్టరు రిజిస్టరు నకలు కూడా తీసుకోండి. ఆ కాగితాలు చేతికొచ్చాక ఆదా గురించి మాట్లాడుకుందాం.

జై భీమ్.