ఒక్క 'నుంచి' దగ్గర

మా చెల్లి కేంద్ర ప్రభుత్వ ఉద్యోగాల పరీక్ష ఎస్సెస్సీ సీజీఎల్‌కి ప్రిపేరవుతోంది. రాత్రి వాక్యాలు సరిదిద్దుతూ ఒకచోట ఆగిపోయింది: 'షీ ఈజ్ లివింగ్ హియర్ సిన్స్ ఫైవ్ ఇయర్స్.'

"ఇందులో తప్పేముందక్కా?"

నిజమే, మన చెవికి తప్పనిపించదు. 'సోమవారం నుంచి', 'ఐదేళ్ల నుంచి'... రెండింటికీ మనకు ఒకటే 'నుంచి'. ఇంగ్లిష్‌లో మొదలైన రోజు చెబితే సిన్స్, గడిచిన కాలం చెబితే ఫర్. పైగా మనం 'ఉంటోంది' అనేచోట వాళ్లకు 'హాజ్ బీన్ లివింగ్' కావాలి. 'డిస్కస్ అబౌట్' అనే తప్పు కూడా అంతే, మన 'గురించి' వెళ్లి అక్కడ దూరుతుంది.

ఆ పరీక్ష టైర్-1లో ఒక్కో తప్పుకు 0.50 మార్కు కోత. పిల్లకు తెలివి లేక కాదు, తెలుగులో ఆలోచిస్తోంది. బడిలోనే ఈ రెండు భాషలూ పక్కపక్కన పెట్టి చూపిస్తే ఎంత బాగుండేది!

ఇవాళ ఇద్దరం కూర్చుని 'నుంచి' వచ్చే వాక్యాలు ఇరవై రాస్తున్నాం.